వేసవిని దాటే గరిక

గుడిబండ, మడకశిర, రొళ్ల చుట్టుపక్కల మెట్ట చేలల్లో ఎండాకాలం దుక్కి గరిక మీద చేసే యుద్ధం. నాగలి తిరగేసిన మట్టిలోంచి తెల్లగా, కణుపులు కణుపులుగా గరిక వేళ్లు బయటపడతాయి. రైతు వాటిని వెంటనే ఏరడు. నాలుగు రోజులు ఎండకు వదిలేసి, బాగా వడలినాక గుంటకతో లాగి గట్టు మీద కుప్ప వేస్తాడు. ఇంత చేసినా ముంగారు వాన పడగానే చెనిక్కాయ మొలకతో పాటు గరికా తల ఎత్తుతుంది.

అదే వేసవిలో, హైదరాబాద్, బెంగళూరు లాంటి నగరాల గోల్ఫ్ కోర్సుల్లో సిబ్బంది తెల్లవారకముందే మైదానంలోకి దిగి గడ్డి కింద ఎంత తడి మిగిలిందో చూసుకుంటారు. దక్షిణ భారతంలోని గోల్ఫ్ మైదానాల్లో చాలావాటిలో వాళ్లు బతికించుకునేది గరికనే, లేదా గరికకు పుట్టిన సంకర రకాలను. గోల్ఫ్ లోకం బెర్ముడా గడ్డి అనేదీ, వినాయక చవితి పూజలో వాడేదీ, గ్రహణం రోజున ఊరగాయ జాడీ మీద వేసేదీ ఒకే మొక్క. దాని శాస్త్రీయ నామం సైనోడాన్ డాక్టిలాన్. 1977లో ప్రపంచంలోని కలుపు మొక్కలన్నిటినీ బేరీజు వేసిన శాస్త్రజ్ఞులు తుంగకు మొదటి స్థానం, గరికకు రెండో స్థానం ఇచ్చారు. చేలో అంత మొండి కలుపైన గడ్డి, లక్షలు పోసి పెంచే మైదానంలో ఎండకు ఎందుకు మాడిపోతుంది? చంపే రైతుకూ, బతికించే మైదాన నిర్వాహకుడికీ తెలిసిన సంగతి ఒక్కటే: గరిక ప్రాణం నేల కింద ఉంది. వేసవి కష్టాలన్నీ ఆ కింది భాగాన్ని మరచి పై పచ్చదనం వెంటపడినప్పుడే మొదలవుతాయి.

ఎండకు తట్టుకునే ఆకు

మొక్క గాలిలోని కార్బన్ డయాక్సైడును రుబిస్కో అనే ఎంజైముతో పట్టుకుంటుంది. ఈ ఎంజైముకు ఒక లోపముంది. అప్పుడప్పుడు అది కార్బన్ డయాక్సైడు అనుకుని ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. వేడి పెరిగేకొద్దీ ఈ పొరపాటు పెరుగుతుంది. వరి, వేరుశనగ, చలిదేశాల గోల్ఫ్ మైదానాల్లో పెంచే బెంట్ గడ్డి ఈ ఇబ్బంది పడే మొక్కలే. 25–30 డిగ్రీల వేడిలోనే అవి కూడగట్టిన కార్బన్‌లో దాదాపు నాలుగో వంతును ఇలా పోగొట్టుకుంటాయి.

గరిక దీనికి వేరే దారి వెతుక్కుంది. ఆకు పై కణాల్లో మరో ఎంజైము కార్బన్ డయాక్సైడును పట్టి, నాలుగు కార్బన్లున్న ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం ఈనె చుట్టూ ఉన్న లోపలి కణాలకు చేరి, అక్కడ కార్బన్ డయాక్సైడును వదులుతుంది. రుబిస్కో ఉండేది ఆ లోపలి గదుల్లోనే. చుట్టూ కార్బన్ డయాక్సైడు దట్టంగా ఉండటంతో ఆక్సిజన్‌ను పట్టుకునే అవకాశం దానికి పెద్దగా దొరకదు. హవాయిలో చెరకు మీద కోర్ట్‌షాక్ బృందం చేసిన పరిశోధన ఈ దారికి మొదటి ఆనవాళ్లు చూపింది. 1966లో ఆస్ట్రేలియాలో హ్యాచ్, స్లాక్ దాన్ని పూర్తిగా విడమరిచారు. చెరకు, జొన్న, సజ్జ, రాగి, మొక్కజొన్న అన్నీ ఈ కోవకే చెందుతాయి. హిందూపురం వైపు సంగటి ముద్దగా కంచంలోకి వచ్చే రాగికీ, గట్టు మీది గరికకూ ఎండను ఓర్చే విద్య ఒకటే.

ఈ పద్ధతి నీటినీ ఆదా చేస్తుంది. కార్బన్ డయాక్సైడును గట్టిగా లాగగలిగే ఆకు తన పత్రరంధ్రాలను బార్లా తెరవనక్కర్లేదు. రంధ్రం సన్నగా ఉంటే బయటికి పోయే ఆవిరి తగ్గుతుంది. ఒక గ్రాము ఎండు పదార్థం తయారు చేయడానికి ఇలాంటి మొక్కలకు, వరి, వేరుశనగ కోవలోని మొక్కలతో పోలిస్తే దాదాపు సగం నీళ్లు చాలు.

బెంట్ గడ్డికి 15–24 డిగ్రీల వాతావరణం హాయి. గరికకు 27–35 డిగ్రీలు. అమెరికాలో మాస్టర్స్ పోటీ జరిగే అగస్టా నేషనల్ క్లబ్బు 1981 నుంచి బెంట్ గడ్డి గ్రీన్ల (గుంట చుట్టూ ఉండే నున్నటి పచ్చికల) మీద ఆడిస్తోంది. జార్జియా వేసవికి ఆ గడ్డి తాళలేదు కాబట్టి క్లబ్బు మే చివరి నుంచి అక్టోబరు దాకా మూసి ఉంటుంది. అంత ఖర్చు పెట్టగల చోట కూడా వేడి ముందు గడ్డి ఎంపికే మొదటి నిర్ణయం.

నాలుగు అంగుళాల మట్టి

గరికకు మూడు అంతస్తులున్నాయి. పైన ఆకు. నేలను ఆనుకుని పాకే తీగ, దానికి కణుపు కణుపుకూ వేళ్లు. మట్టి లోపల అడ్డంగా పోయే కాండం. రైతులు గరిక వేళ్లు అనేవి నిజానికి ఈ కాండాలే. అవి ఎక్కువగా పై 10–15 సెంటీమీటర్లలో ఉంటాయి. అసలు వేర్లు మాత్రం మట్టి దారిస్తే మీటరుకు మించి దిగుతాయి. కాండాల్లో పిండిపదార్థం నిల్వ ఉంటుంది. నీళ్లు అందనప్పుడు గరిక ఆకుల్ని ఎండిపోనిచ్చి ఈ నిల్వ మీద బతుకుతుంది. పైకి చచ్చినట్టు కనిపించే ఈ స్థితిని సుప్తావస్థ అంటారు. గుడిబండ రైతు దుక్కితో చేసేది ఈ నిల్వను ఎండకు పెట్టడం. కాండంలోని తడి బాగా ఆరిపోతే కణుపుల్లోని మొగ్గలు చస్తాయి. మట్టి లోపలే ఉండిపోతే అంత తేలిగ్గా చావవు.

ఈ సుప్తావస్థ ఎంత దూరం పనిచేస్తుందో టెక్సాస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియోలో 2006, 2007 వేసవుల్లో కొలిచి చూశారు. నగర నీటి సంస్థ, టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం కలిసి 25 రకాల పచ్చికకు 60 రోజుల పాటు ఒక్క చుక్క నీరు అందకుండా చేశారు. వాన వస్తే మీదికి జరిగే కప్పు కూడా కట్టారు. కొన్ని మళ్లలో మట్టి సహజమైన లోతున ఉంది. మరికొన్నిటిలో నాలుగు అంగుళాలే. లోతైన నేలలో గరిక రకాలు ఎండి గోధుమరంగుకు తిరిగినా, తర్వాత నీరు పెట్టాక మళ్లీ పచ్చబడ్డాయి. నాలుగు అంగుళాల మట్టిలో మాత్రం ఒక్క రకమూ నిలవలేదు.

అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల్లో మైదానం తయారు చేయాలనుకునేవారికి ఈ ఫలితం నేరుగా వర్తిస్తుంది. ఇక్కడి ఎర్ర నేలలు చాలాచోట్ల పలచనివి. అడుగు లోతులోనే గరపనేలో, రాయో తగులుతుంది. ఏటా పడే వాన సగటున 552 మిల్లీమీటర్లు. అందులోనూ పెద్ద వాటా సెప్టెంబరుదే. జూన్, జూలై నెలల్లో మబ్బులు పైన పోతుంటాయి, కింద పొడిగాలి వీస్తుంది. ధర్మవరం దగ్గర రామగిరి కొండల మీద గాలిమరలు తిరిగేది ఈ గాలికే. కాబట్టి ఈ సీమలో పచ్చికకు వేసవి మే నెలతో ముగియదు. వేరు దిగడానికి అడుగున్నర మట్టి ముందే సమకూర్చిన చోటుకూ, నాలుగు అంగుళాల ఎర్రమట్టి పరిచి గడ్డి నాటిన చోటుకూ తేడా జూలైలో బయటపడుతుంది.

సజ్జా, గోల్ఫ్ గడ్డీ ఒకే చేతి నుంచి

గోల్ఫ్ గ్రీన్ మీద గడ్డిని 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఎత్తున కోస్తారు. బంతి నున్నగా దొర్లాలంటే అంత పొట్టిగా ఉండాలి. గట్టు మీది గరికను అలా కోస్తే పలచబడి మట్టి కనిపిస్తుంది. ఆ కోతకు నిలిచే రకాలను తయారు చేసినవాడు గ్లెన్ బర్టన్. 1936లో జార్జియాలోని టిఫ్టన్ పరిశోధనా కేంద్రంలో చేరిన ఈ శాస్త్రవేత్త మామూలు గరికను ఆఫ్రికా జాతికి చెందిన సన్నాకు గరికతో సంకరం చేశాడు. 36 క్రోమోజోములున్న ఒకటి, 18 ఉన్న మరొకటి కలిస్తే 27 ఉన్న సంతానం పుట్టింది. 27ను రెండు సమాన భాగాలుగా పంచడం కుదరదు, అందుకే ఈ గడ్డికి విత్తనం కట్టదు. తీగ ముక్కలు నాటి పెంచాల్సిందే. 1956లో టిఫ్‌గ్రీన్, 1960లో టిఫ్‌వే, టిఫ్‌గ్రీన్ మళ్లలో తనంతట తాను మారిన ఒక పొట్టి మొక్క నుంచి 1965లో టిఫ్‌డ్వార్ఫ్ వచ్చాయి. వేడి దేశాల గోల్ఫ్ మైదానాలు చాలాకాలం ఈ మూడింటి మీదే నడిచాయి.

అదే బర్టన్ సజ్జ మీదా పనిచేశాడు. ఆయన తయారు చేసిన టిఫ్ట్ 23ఏ అనే పుప్పొడి లేని సజ్జ వంగడాన్ని తల్లిగా తీసుకుని లూధియానాలో శాస్త్రజ్ఞులు మన దేశపు మొదటి సంకర సజ్జ హెచ్‌బీ-1ను రూపొందించారు. అది విడుదలైంది కూడా 1965లోనే. మెట్ట రైతుకు దిగుబడి ఎగబాకింది. కొన్నేళ్లకే, 1970ల మొదట్లో, వెర్రికంకి తెగులు విరుచుకుపడింది. పొలాలన్నిటా తల్లి వంగడం ఒకటే, దానికి ఆ తెగులును తట్టుకునే శక్తి లేదు. తర్వాతి తరం సజ్జ సంకరాలను వేర్వేరు తల్లుల నుంచి తయారు చేయడం అక్కడ నేర్చుకున్న పాఠమే. గోల్ఫ్ గ్రీన్లు ఇప్పటికీ ఆ ప్రమాదంలోనే ఉన్నాయి. ఒక కోర్సులోని పద్దెనిమిది గ్రీన్లలోనూ ఉండేది జన్యుపరంగా ఒకే మొక్క. ఎండకు బలహీనపడినప్పుడు ఒక గ్రీన్‌ను పట్టిన తెగులుకు మిగతా పదిహేడూ లొంగుతాయి.

ఇసుకలో దాగే నీరు

గ్రీన్ కింద సాధారణంగా చేను మట్టి ఉండదు. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో ప్రకటించిన పద్ధతిలో అడుగున 10 సెంటీమీటర్ల కంకర, దాని మీద 30 సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం పరుస్తారు. ఎంత వాన పడినా నీరు నిలవకూడదు, ఎంతమంది తొక్కినా నేల గట్టిపడకూడదు. అందుకే ఇసుక. అయితే ఇసుకలో నీరు నిలవదు కదా అన్న సందేహం వస్తుంది. దానికి జవాబు కంకరలో ఉంది. ఇసుక రేణువుల మధ్య సన్నని సందుల్లో నీరు తన తలతన్యతతో పట్టుకుని ఉంటుంది. కంకర సందులు పెద్దవి, అవి నీటిని కిందికి లాగలేవు. ఉతికి ఆరేసిన ధర్మవరం చీరలో కారడం ఆగిపోయాక కూడా కింది అంచు తడిగా ఉన్నట్టే, ఇసుక పొర అడుగు కొన్ని సెంటీమీటర్ల మేర తడిని పట్టి ఉంచుతుంది. గడ్డి వేరు అంత లోతుకు వెళ్లగలిగితే వేసవి మధ్యాహ్నం కూడా దానికి నీళ్లుంటాయి.

వెళ్లేలా చేయడమే అసలు నేర్పు. ఆకు ఎంత పొట్టిగా కోస్తే వేరు అంత పైకి కుంచించుకుపోతుంది, ఎందుకంటే వేరును పోషించేది ఆకే. అందుకే అనుభవమున్న నిర్వాహకులు ఎండలు ముదరగానే కోత ఎత్తును మిల్లీమీటరైనా పెంచుతారు. ఒక కోతలో ఆకు పొడవులో మూడో వంతుకు మించి తీయరు. బ్లేడు మొద్దుబారితే ఆకు తెగడానికి బదులు చీలుతుంది, చీలిన కొసలోంచి తడి పోతుంది కాబట్టి సాన పట్టే పనీ ఈ నెలల్లో పెరుగుతుంది.

ఇసుక గ్రీన్లకు మరో వేసవి రోగం ఉంది. కుళ్లిన వేళ్ల నుంచి వచ్చే మైనపు పదార్థం ఇసుక రేణువులకు పూతలా పడుతుంది. అలాంటి చోట ఒకసారి ఎండితే మళ్లీ నీరు పోసినా ఇంకదు, ముత్యాల్లా దొర్లిపోతుంది. చుట్టూ పచ్చగా ఉన్న గ్రీన్‌లో రొట్టెంత మేర మాడిపోయిన మచ్చలు ఇలా వచ్చేవే. అక్కడ సన్నని రంధ్రాలు పొడిచి, తలతన్యతను తగ్గించే ద్రావణం కలిపిన నీటిని చేతి గొట్టంతో నిదానంగా పడతారు. ఆ మచ్చ కోసం స్ప్రింక్లరు తిప్పితే పక్కనున్న బాగున్న గడ్డికి తడి ఎక్కువై వేళ్లు ఊపిరాడక కుళ్లుతాయి.

నీటి లెక్క

ఒక హెక్టారు మీద ఒక మిల్లీమీటరు నీరంటే 10,000 లీటర్లు. ఎండా గాలీ గట్టిగా ఉన్న రోజున, నీటికి కొరత లేని ప్రామాణిక పచ్చిక 7 మిల్లీమీటర్ల నీటిని ఆవిరి చేస్తుందనుకుందాం. గరిక మైదానానికి అందులో సుమారు 60 శాతం చాలు, అంటే 4.2 మిల్లీమీటర్లు. బెంట్ లాంటి చలి గడ్డికైతే 80 శాతం, అంటే 5.6. ఈ తేడాతోనే హెక్టారుకు రోజుకు 14,000 లీటర్లు మిగులుతాయి. 20 హెక్టార్లకు నీరు కట్టే కోర్సు గరికను నిండుగా పచ్చగా ఉంచాలంటే రోజుకు 8 లక్షల 40 వేల లీటర్లు కావాలి. జల జీవన్ మిషన్ మనిషికి రోజుకు పెట్టుకున్న లక్ష్యం 55 లీటర్లు. ఆ కొలతన అది 15 వేల మందికి సరిపడే నీరు. నంది కొండల్లో పుట్టి హిందూపురం దగ్గర ఆంధ్ర నేల మీదికి వచ్చే పెన్న ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకగానే కనిపించే సీమలో ఈ లెక్కను ఎవరూ పక్కన పెట్టలేరు.

లెక్క తగ్గించే మార్గాలు ఉన్నాయి. మొదటిది, అవసరాన్ని గడ్డినే అడగడం. తడి తగ్గుతున్న గరిక ముందు నీలి బూడిద రంగుకు తిరుగుతుంది. దాని మీద నడిచిన అడుగుల గుర్తులు వెంటనే లేవవు, ఎందుకంటే ఆకు కణాల్లో నీటి ఒత్తిడి పడిపోయింది. అప్పుడు నీరు పెట్టినా ఆలస్యమేమీ కాదు. నేలలో గుచ్చి తడి శాతం చూపే పరికరాలు కోర్సుల్లో మామూలయ్యాయి. పరికరం లేని చోట పొడవాటి స్క్రూడ్రైవరు చాలు. అది సులువుగా దిగినంత మేర తడి ఉన్నట్టు.

రెండోది, తడిపితే లోతుగా తడిపి, మళ్లీ ఆరనివ్వడం. రోజూ పైపైన చల్లే నీటికి వేళ్లు పై రెండు అంగుళాల్లోనే అలవాటు పడతాయి. ఒక్క రోజు మోటారు ఆగితే మాడిపోయేది ఆ గడ్డే. మూడోది వేళ. తెల్లవారుజామున గాలి తక్కువ, ఆవిరి తక్కువ. ఆకు మీద అప్పటికే మంచు ఉంటుంది కాబట్టి తడిగా ఉండే గంటలు పెరగవు, బూజు తెగుళ్లకూ అదనపు అవకాశం దొరకదు. పగటి గాలిలో తిరిగే స్ప్రింక్లరు నీటిలో కొంత గడ్డిని చేరకుండానే కొట్టుకుపోతుంది.

ఉప్పు మిగిలే నేల

మంచినీటికి బదులు శుద్ధి చేసిన మురుగునీటిని వాడటం చాలా కోర్సులు ఎంచుకున్న దారి. కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ ప్రాంతపు కోర్సులు 1994లో ఇలాంటి నీటికి మారాయి. నీరు దొరికింది గానీ, అందులోని సోడియం గ్రీన్లలో పేరుకుపోయింది. చివరికి శుద్ధి కేంద్రంలో ఉప్పును వడగట్టే పొరలు పెట్టాల్సివచ్చింది. ఎండ ప్రాంతాల బోరు నీటికీ ఇదే లక్షణం. నీరు ఆవిరైపోతుంది, లవణం మట్టిలో ఉండిపోతుంది. సోడియం బంకమట్టి రేణువులను విడగొట్టి సందులను మూసేస్తుంది. తర్వాత ఎంత నీరు పెట్టినా లోపలికి దిగదు.

దీనికి మందు అనంతపురం రైతుకు తెలిసినదే. వేరుశనగ పూత దశలో ఊడలు దిగేటప్పుడు ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తారు. అది కాయకు కాల్షియం ఇస్తుంది. పచ్చికలో అదే కాల్షియం మట్టి రేణువుల మీది సోడియాన్ని తోసేసి ఆ స్థానంలో కూర్చుంటుంది. విడిపోయిన సోడియాన్ని వేళ్ల కిందికి కడిగెయ్యడానికి ఒక మంచి వాన కావాలి. అందుకే జిప్సం చల్లడానికి సెప్టెంబరు వానలకు ముందు రోజులే అనువైనవి. గరిక స్వతహాగా ఉప్పును బాగా ఓర్చుకునే గడ్డి కావడం ఈ నేలలకు కలిసొచ్చే అంశం.

ఎంత పచ్చదనం కావాలి

గోల్ఫ్‌కు పచ్చదనం పుట్టుకతో వచ్చింది కాదు. నీరు లేని చోట్ల నూనె కలిపిన ఇసుకను చదును చేసి దాని మీద ఆడేవారు. మన దేశపు కంటోన్మెంట్లలో వాటికి బ్రౌన్లని పేరు. అమెరికాలో పేరున్న పైన్‌హర్స్ట్ రెండో నంబరు కోర్సులో కూడా 1935 దాకా ఇసుక గ్రీన్లే ఉండేవి. తర్వాత అక్కడ గడ్డి వచ్చింది, స్ప్రింక్లర్లు వచ్చాయి, అంచు నుంచి అంచు దాకా ఆకుపచ్చ పరుచుకుంది. 2010–11లో ఆ కోర్సును తిరగదోడి, సుమారు 35 ఎకరాల గడ్డిని పూర్తిగా తీసేశారు. ఆ చోట ఇసుక, స్థానికంగా పెరిగే పొదగడ్డి మిగిలాయి. స్ప్రింక్లర్లు దాదాపు 1,150 నుంచి 450కి తగ్గాయి. 2014 జూన్‌లో పురుషుల, మహిళల యూఎస్ ఓపెన్ పోటీలు వరుస వారాల్లో అక్కడే జరిగాయి. గోధుమరంగు అంచుల మధ్య ఆడిన ఆటలో లోటేమీ లేదు. ఆ పోటీల తర్వాత గ్రీన్లలోని బెంట్ గడ్డిని తీసి పొట్టి గరిక రకాన్ని నాటారు. 2024లో యూఎస్ ఓపెన్ మళ్లీ అక్కడికి వచ్చింది.

ఈ నేర్పు గోల్ఫ్‌కే పరిమితం కానక్కర్లేదు. కరువు సీమ నడిబొడ్డున, అనంతపురం ఆర్‌డీటీ మైదానంలో 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు జరిగాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలో ప్రతి ఉన్నత పాఠశాలా అంత పచ్చిక పెంచలేదు. ఒక పావు ఎకరం, అంటే వెయ్యి చదరపు మీటర్ల గరికను వేసవి దాటించడం మాత్రం సాధ్యమే. దాన్ని నిండుగా పచ్చగా ఉంచాలంటే పదిహేను రోజులకు 63,000 లీటర్లు కావాలి. ఆకు ఎండినా కణుపులు బతికితే చాలనుకుంటే, అదే పదిహేను రోజులకు ఒక్కసారి 12 మిల్లీమీటర్లు, అంటే 12,000 లీటర్లు సరిపోతాయి. మట్టి అడుగున్నర లోతు ఉండాలి, ఫిబ్రవరి నుంచే కోత ఎత్తు పెంచాలి, గడ్డి గోధుమరంగులో ఉన్నన్నాళ్లూ నత్రజని ఎరువు వేయకూడదు. ఆటను వారం వారం ఒక మూల నుంచి మరో మూలకు మార్చాలి. సుప్తావస్థలో ఉన్న గరిక ఎండను ఓర్చుకుంటుంది గానీ, బూట్ల కింద నలిగిన కణుపుల చోట కొత్తవి వేయాలంటే దానికి మళ్లీ వాన పడాలి.